నడివయసులో లింగపరివర్తన: తోడు అనే ధర్మం
2014 ఏప్రిల్ 15న సర్వోన్నత న్యాయస్థానం తన లింగ గుర్తింపును తానే నిర్ణయించుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉన్నదని తీర్పునిచ్చింది. హక్కు వ్యక్తిదే అయినా జీవనం పదిమందితో ముడిపడి ఉంటుంది. పలాస జీడిపప్పు పరిశ్రమలో ఇరవై ఏళ్ళు పనిచేసి, నలభై అయిదో ఏట స్త్రీగా జీవించాలని నిశ్చయించుకొన్న ఒకరిని ఊహిస్తే, తోడు ఎవరి బాధ్యత అన్న ప్రశ్న తలెత్తుతుంది.

హిజ్రా సమాజంలోని గురు–చేలా బంధం ఇల్లు విడిచినవారికి ఆశ్రయమిస్తున్నది. అయితే 2019 నాటి చట్టం రక్తసంబంధం, వివాహం, చట్టబద్ధమైన దత్తత అనే మూడింటినే కుటుంబంగా నిర్వచించింది. అందులో గురువుకు చోటు లేదు. పైగా కొత్త సమాజం ధైర్యమివ్వగలదు గాని, గడచిన ఇరవై ఏళ్ళకు సాక్షి కాజాలదు.

ఉద్దానంలో మూత్రపిండవ్యాధికి మూలకారణం నిర్ధారణ కాకున్నా, రోగి వెంట ఇంటివారు డయాలసిస్‌కు వెళుతూనే ఉన్నారు. లింగపరివర్తన వ్యాధి కాదు. అయినా కారణం అర్థమయ్యేదాకా తోడు ఆగనక్కరలేదన్న నీతి ఇక్కడా వర్తిస్తుంది. భార్య దుఃఖమూ నిజమే. దాంపత్యంలో కొనసాగవలెనని ఆమెను నిర్బంధించరాదు. పరివర్తన వలన బిడ్డల పోషణభారం తొలగదు. దానిని సాకుగా చేసి ఇంటివారు వెలివేయనూ రాదు. ఇరుపక్షాలకూ ఈ ఋణం పాతదే.