కోరి తెచ్చుకొన్న శ్రమ

పుదుచ్చేరి పట్టణపు ఉత్తరభాగమున లాస్‌పేట కలదు. 1765లో ఆంగ్లేయులనుండి పుదుచ్చేరిని తిరిగి స్వీకరించిన ఫ్రెంచి గవర్నరు లా పేరే ఆ పేటకు నిలిచినదని చెప్పుదురు. అచ్చటి విమానాశ్రయమునకు చేరువను, జనులు హెలిపాడ్ మైదానమని పిలుచు విశాలస్థలములో, తెల్లవారకమునుపే నడచువారును పరుగెత్తువారును కన్పట్టుదురు. వారిలో పలువురు వైద్యుని మాట విని వచ్చినవారు. వారి శ్రమకు కారణము తేటతెల్లమే. కాని వారి నడుమ నలువది యేండ్లు దాటిన గుమాస్తా యొకడు, ఎవరును చెప్పకయే, ఒక్క ట్రయథ్లాన్ పూర్తిచేయవలెనని సంకల్పించి పరుగెత్తుచున్నాడని అనుకొనవచ్చును. వాడు గెలువడు. గెలువలేనని వానికి మొదటనే తెలియును. దానివలన జీతము పెరుగదు, పుణ్యము రాదు. అట్టివాని ప్రయాస దేనికొరకు?

ఈత, సైకిలు, పరుగు అను మూటిని నడుమ విశ్రాంతి లేక ఒకదానివెంట నొకటిగా ముగించుట ట్రయథ్లాన్. ఆ పేరుతో 1974 సెప్టెంబరు 25వ తేదీన అమెరికాలోని శాన్‌డియేగో తీరమున తొలి పోటీ జరిగినప్పుడు 46 మంది పాల్గొనిరి. 1978లో హవాయి ద్వీపములలో దీర్ఘతరమైన పోటీ జరుగగా 15 మంది బయలుదేరి 12 మంది ముగించిరి. 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు చేరిన కొలత 1,500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. క్రొత్తవారు దీనిలో సగముతో ఆరంభించుట వాడుక.

అంకెలు చూచి కష్టమును ఊహింపరాదు. కొలనులో ఈత నేర్చినవానికి ప్రతి యిరువదియైదు మీటర్లకును పట్టుకొనుటకు గోడ యుండును. సముద్రములో గోడ లేదు, అడుగు కనబడదు, దిక్కు తెలియదు. బంగాళాఖాతపు అల వాని ఊపిరి లెక్కను లక్ష్యపెట్టదు. నేలమీదికి వచ్చి సైకిలెక్కినపుడు కొంత ధైర్యము కలుగును. సైకిలు దిగి పరుగెత్తబోవునప్పటి స్థితియే విచిత్రమైనది: అంతవరకు చక్రము త్రొక్కుటకు అలవడిన కండరములు నేలను తన్నుట మరచిపోవును, కాళ్లు కొంతసేపు పరాయివానివలె తోచును. అలసట ఇట్లు రూపము మార్చుకొని మూడుమార్లు వచ్చును.

దీనికొక బలమైన ఆక్షేపణ కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. అదే తీరమున జాలరి ప్రతిదినమును తెల్లవారుజామున పడవను అలలమీదికి నెట్టుచున్నాడు. పల్లెనుండి సైకిలుమీద పట్టణమునకు వచ్చి సాయంత్రమువరకు ఇటుకలు మోసి మరల సైకిలుమీదనే ఇల్లు చేరు కూలివాడు కలడు. వారి మెడలో ఎవరును పతకము వేయరు. కడుపు నిండినవాడు కష్టమును కొని తెచ్చుకొని దానికి సాహసమని పేరిడుట, శ్రమకే జరిగిన అవమానము కాదా?

ఈ ఆక్షేపణకు చరిత్రయు సాక్ష్యమిచ్చును. ఫ్రెంచి భాషలో ‘అమతర్’ అనగా ప్రేమించువాడు. వృత్తిగా గాక ప్రీతిచేత చేయువాడని అర్థము. పుదుచ్చేరి వీధులకు ఈ మాట పరాయిది కాదు. కాని ఇంగ్లండులోని హెన్లీ పడవపందెముల నిర్వాహకులు 1879లో ఈ మాటను నిర్వచించినపుడు చేతిపనివారిని, కూలీలను అందుండి వెలివేసిరి. ప్రేమించు హక్కు సైతము తీరిక గలవారిదే అయినది! 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్సులో రెండు స్వర్ణపతకములు గెలిచిన జిమ్ థోర్ప్, అంతకుమునుపు బేస్‌బాల్ ఆడి స్వల్పవేతనము పుచ్చుకొన్నాడను కారణముచేత 1913లో వానిని కోల్పోయెను. ఏకైక విజేతగా అతనిని మరల గుర్తించినది 2022లో. అతడు మరణించి అప్పటికి అరువది తొమ్మిదేండ్లు.

కావున ఔత్సాహికుడు జాలరికన్న ఘనుడని చెప్పుటకు వీలులేదు. వాని శ్రమ వేఱొక జాతికి చెందినది. జాలరి శ్రమకు ఫలము చేప. ఆ చేప దొరకనినాడు వాని దుఃఖము నిజమైన దుఃఖము. గుమాస్తా ఓడినను ఇంట అన్నము ఉడుకును. ఇంత నిరపాయమైన కష్టమునకు విలువ యున్నచో అది కష్టపు పరిమాణములో లేదు. తనను ఆజ్ఞాపించువాడు ఎవడును లేనప్పుడు తన మాటను తాను వినునా అను పరీక్షలో ఉన్నది. దినమంతయు ఇతరుల ఆజ్ఞలతో గడచిపోవు గుమాస్తాకు ఇది అల్పమైన ప్రశ్న కాదు.

ఇది గీతలోని నిష్కామకర్మ యని కొందరు పొగడుదురు. ఆ పొగడ్త చెల్లదు. బహుమతిమీద ఆశ లేదు గాని పూర్తి చేయవలెనను కోరిక వానిని నిద్రలోను విడువదు. పుదుచ్చేరి ఆశ్రమములో శారీరకవిద్యకు సాధనలో చోటు కల్పింపబడినది. అచ్చటి శారీరకవిద్యాపత్రికకు శ్రీ అరవిందులు 1949లో దేహపరిపూర్ణతను గూర్చి వ్రాసిరి. ఆ ఆశయమునకును గుమాస్తా కోరికకును దూరము చాల కలదు. వాడు వెదకునది పరిపూర్ణత కాదు, పూర్తి. పరిపూర్ణత కొందరిది, పూర్తి అను చిన్నమాట సామాన్యునిది.

1982లో హవాయి పోటీలో జూలీ మాస్ అను విద్యార్థిని ముందంజలో నుండి, గమ్యమునకు కొద్ది మీటర్ల దూరమున కూలిపోయెను. మరియొకతె ఆమెను దాటి గెలిచెను. జూలీ చేతులమీద ప్రాకుచు రేఖను తాకెను. ఆ దృశ్యము దూరదర్శనములో చూచి ఎందరో ఈ క్రీడలోనికి వచ్చిరని ప్రసిద్ధి. అయినను దేహము వలదని మొరపెట్టినప్పుడు వినకుండుట ఎల్లప్పుడును ధైర్యము కాదు. సముద్రములో అది ప్రాణాంతకము. వెనుదిరిగి చేయెత్తి రక్షకుని పిలిచినవాడు పిరికివాడని ఎవరనగలరు?

ఇంటివారి సంగతి వేఱు. ఆరు మాసముల ఉదయములు వాడు ఎవరినుండి తెచ్చుకొన్నాడు? పిల్లలను బడికి సిద్ధపరచినది భార్య, పాలు తెచ్చినది ముసలితల్లి. ఈ అప్పు పతకముమీద చెక్కబడదు.

చివరకొక చిక్కు మిగులును. ప్రతి పోటీకిని గడువు కలదు. దీర్ఘమైన హవాయి పోటీకి పదునేడు గంటలు. గడువు తరువాత ఐదు నిమిషములకు చేరినవాడు అంతే దూరము ఈదెను, త్రొక్కెను, పరుగెత్తెను. పట్టికలో మాత్రము వాని పేరుకు ఎదుట ‘ముగింపలేదు’ అని వ్రాయుదురు. దేహమునకు తెలిసిన సత్యము ఒకటి, కాగితమునకు తెలిసినది మరియొకటి. నియమమును వాడే అంగీకరించి వచ్చెను గనుక తగవులాడుటకు వీలులేదు. అయినను ఆ రాత్రి ఇంటిలో ‘ముగించితివా?’ అని అడిగినప్పుడు వాడు ఏమి చెప్పవలెను? నిర్వాహకులు దీపములార్పి తోరణము విప్పుచుండగా వాడు తన సైకిలు ఎచ్చటనున్నదో వెదకికొనవలసియుండును.