ఐదు యూనిట్లా, పది యూనిట్లా?

రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ వరకు ఉండాలి. కిడ్నీలు చెడినవారిలో అది 6.5 దాటితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. అత్యవసర విభాగంలో ముందు కాల్షియంతో గుండెను కాచి, తర్వాత నరంలోకి ఇన్సులిన్, గ్లూకోజు ఎక్కిస్తారు. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి తోస్తుందే తప్ప ఒంట్లోంచి బయటికి పంపదు. డయాలసిస్ దాకా గడువు తెస్తుంది.

వాడుకలో ఉన్న మోతాదు 25 గ్రాముల గ్లూకోజుతో 10 యూనిట్లు. చిక్కంతా ఇక్కడే. ఆ గ్లూకోజు కాసేపట్లో ఖర్చయిపోతుంది, ఇన్సులిన్ పని మాత్రం నాలుగు నుంచి ఆరు గంటలు సాగుతుంది. దాన్ని వదిలించాల్సిన కిడ్నీలే పాడైతే ఇంకా ఎక్కువసేపు. షుగరు జబ్బు లేనివారికి, బక్కపలుచనివారికి రక్తంలో చక్కెర పడిపోయే ముప్పు ఎక్కువ. అందుకే 5 యూనిట్లు, లేదా కిలో బరువుకు 0.1 యూనిట్ చాలదా అన్న ప్రశ్న. ఆధారాల్లో చాలావరకు పాత కేసు షీట్లు తిరగేసి పోగు చేసినవే. ఎవరికి తక్కువ ఇవ్వాలో వైద్యులే ఎంచుకున్నారు కాబట్టి తేడా మోతాదుదో రోగిదో తేలదు. తేలాలంటే చీటీ వేసి డోసు నిర్ణయించాలి.

ప్రాణాపాయంలో ఉన్న మనిషి మందును చీటీకి వదలడం ధర్మమేనా? ఏది మేలో వైద్యలోకానికే తెలియనప్పుడు చీటీ వల్ల రోగికి అన్యాయం జరగదని వైద్యనీతి పండితుడు బెంజమిన్ ఫ్రీడ్‌మన్ 1987లో వాదించాడు. బలమైన వాదనే. కానీ ఇక్కడ తూచాల్సిన రెండు కీడులూ ఒక జాతివి కావు. పొటాషియం దిగకపోవడం రోగం తెచ్చే ఆపద. మానిటర్ మీద అందరికీ కనబడుతుంది. చక్కెర పడిపోవడం వైద్యం తెచ్చే ఆపద. రోగిని వార్డుకు మార్చాక, నిద్రమత్తులా కనబడుతూ వస్తుంది. కళ్లెదుటి ప్రమాదానికే మనసు మొగ్గుతుంది. పెద్ద డోసు అలవాటుగా నిలవడానికి అదీ ఒక కారణం కావచ్చు. చేతులారా చేసే హాని ఆలస్యంగా బయటపడినంత మాత్రాన తేలికైపోదు.

సమ్మతి మాట మరింత కష్టం. స్పృహ లేని రోగిపై, ఆలస్యం చేయలేని పరిశోధనను నైతిక కమిటీ ఆమోదంతో సాగించవచ్చని, సమ్మతిని వీలైనంత త్వరగా తీసుకోవాలని వైద్య పరిశోధనలకు నీతి సూత్రాలు చెప్పే హెల్సింకీ ప్రకటన అంటుంది. అయితే పొటాషియం పెరిగే ఆపద తరచూ డయాలసిస్ తప్పినవారికే వస్తుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానంలోనైనా మరెక్కడైనా వారు డయాలసిస్‌కు వారం వారం వచ్చేవారే. తీరికగా, ఇంటివాళ్ల ఎదుట, ముందే అడగవచ్చు. అడిగేటప్పుడు రెండు హామీలు ఇవ్వాలి: ఈసీజీ బాగా చెడినవారిని చీటీలో కలపరాదు; ఏ డోసు వచ్చినా ఆరు గంటలపాటు గంటగంటకూ చక్కెర చూడాలి.