గడప దగ్గరి వెలుగు

మీ యింట్లో మీ అమ్మగారి ఫోటోలు ఎన్ని వున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పెళ్ళి ఆల్బంలో నలుగురి వెనకాల నిలబడ్డవి కాదు, మనవణ్ణి ఎత్తుకుని వాడికేసి చూస్తున్నవీ కాదు. ఆవిడ ఒక్కతే, నింపాదిగా మనవైపు చూస్తున్న ఫోటో. లెక్క తొందరగానే తేలిపోతుంది లెండి.

మా అమ్మ పోయినప్పుడు అలాంటిదొకటి కావలసివచ్చి యిల్లంతా గాలించాం. చివరికి ఎవరి పెళ్ళిలోనో, ఫ్లాష్ కొట్టి తీసిన గుంపు ఫోటోలోంచి అమ్మ ముఖం వరకూ కత్తిరించి, పెద్దది చేయించి పటం కట్టించాం. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా వుంది. కళ్ళు బెదిరిపోయి వున్నాయి. మా అమ్మ అలా బెదిరిపోయే మనిషి కాదు. ఆ పటానికి దండ వేసినప్పుడల్లా ఎవరికో పరాయివాళ్ళకి వేస్తున్నట్టు వుంటుంది నాకు.

అందుకే, మొన్న సంక్రాంతికి బేతంచెర్లలో వున్న మా చిన్నమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆవిడ ఫోటో ఒకటి చక్కగా తీసి తీరాలనుకున్నాను. ఒకప్పటి కర్నూలు జిల్లాలోది, 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చిన వూరది. వూరు చూడకపోయినా మీలో చాలామంది దాన్ని తొక్కే వుంటారు. బేతంచెర్ల నాపరాళ్ళు ఎన్నెన్ని యిళ్ళలో నేలగా పరుచుకున్నాయో!

"యిప్పుడు నాకెందుకు పాపా ఫోటో? గోడకు తగిలిచ్చేకా?" అంది చిన్నమ్మ నవ్వుతూనే.

నేను నవ్వలేకపోయాను. నా మనసులో వున్నది సరిగ్గా అదే మరి. బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆవిడ పోయాక గోడమీద ఎలా వుంటుందో వూహించుకోవడం ప్రేమా, స్వార్థమా? ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకోకుండానే ఆవిణ్ణి పెరట్లోకి లాక్కెళ్ళాను.

మిట్టమధ్యాహ్నం. నడినెత్తిన సూర్యుడు. చిన్నమ్మ కళ్ళు చికిలించింది. ఫోటోలో కళ్ళున్నచోట రెండు గుంటలు, ముక్కు కింద మీసంలాంటి నీడ! పోనీ అని వంటింట్లోకి వెళితే, కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. అది ఆవిడ ముప్ఫయ్యేళ్ళుగా కూర్చునే చోటు. కిటికీ తెల్లగా వెలిగిపోయింది, ముఖం మసిగుడ్డలా వచ్చింది. ఫ్లాష్ వేశాను. మళ్ళీ అదే సున్నం, అవే బెదురు కళ్ళు. గుండె గుభేల్మంది.

"ఆ ఫోనుతో యేమొస్తాది అక్కా? లక్ష పెట్టి మంచి కెమెరా కొనుక్కో" అన్నాడు చిన్నమ్మ కొడుకు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి కాఫీ గ్లాసుతో బయటికి వస్తున్నాను. చిన్నమ్మ గడపకి లోపలగా చాప వేసుకుని శనక్కాయలు వలుస్తోంది. ఎండ ఆవిడమీద పడడంలేదు. ముందు వసారా బండలమీద పడి, అక్కణ్ణించి మెత్తగా లేచి ఆవిడ గడ్డం కిందికీ కళ్ళలోకీ పాకుతోంది. చెంపల ముడతలు ముడతల్లాగే వున్నాయి, కానీ అవి ముఖాన్ని పాడుచేయడంలేదు. అదే ఫోను, అదే చిన్నమ్మ. ఫోటో మాత్రం వేరు.

యిందులో మంత్రం ఏమీ లేదండీ. ఆకాశంలో సూర్యుడు మన కంటికి చిన్న బిళ్ళ. అంత చిన్నచోటి నుంచి సూటిగా వచ్చే వెలుగు, నీడల్ని కత్తితో కోసినట్టు పదునుగా వేస్తుంది. అదే వెలుగు వసారాలోంచో, తెల్లగోడమీద పడో వచ్చిందంటే, వాకిలంతా ఒక పెద్ద దీపం అవుతుంది. నీడల అంచులు కరిగిపోతాయి. పొద్దుటి ఎండా, సాయంత్రపు ఎండా ఏటవాలుగా ఎక్కువ గాలిని దాటుకుని రావాలి. ఆ దారిలో నీలం చెదిరిపోయి పసుపూ ఎరుపూ మిగులుతాయి కనుక ముఖానికి ఆ నునువెచ్చని రంగు. కనుక మీరు చేయవలసింది యింతే: ఫ్లాష్ ఆపేయండి. మనిషి ముఖాన్ని వాకిలివైపో కిటికీవైపో తిప్పండి. రెండో చెంప మరీ చీకటిగా వుంటే ఆ పక్కన తెల్లదుప్పటి ఒకటి ఆరవేయండి. ఫోను తెరమీద ముఖం వున్నచోట వేలితో తాకండి. కెమెరా ఏదైనా ఫరవాలేదు.

తొలినాళ్ళ ఫోటో స్టూడియోలకి గాజు కప్పులూ, వెలుగును అదుపు చేసే తెరలూ వుండేవి. 1892లో రాజా దీన్‌దయాళ్ హైదరాబాదులో జెనానా స్త్రీల కోసమే ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్లవనిత చేతికి అప్పగించాడు. పరపురుషుడి కంట పడకూడని ఆడవాళ్ళకి కూడా తమ ముఖం తాము చూసుకోవాలని వుంటుందని ఆయనకి తోచింది. యిప్పుడు మనకి ఆ ఘోషా లేదు. కానీ యింట్లో అన్నిటికంటే చీకటిగదిని వంటకి వదిలి, అమ్మని అందులో వుంచి, "అమ్మ ఫోటోలో బాగా పడదు" అని తీర్మానించేస్తాం!

ఫోటో చూపిస్తే చిన్నమ్మ చాలాసేపు చూసుకుంది.

"యిది నేనేనా? అబద్దం చెప్తాంది నీ ఫోను" అంది.

అబద్ధమా? మధ్యాహ్నపు గుంటకళ్ళూ చిన్నమ్మవే, వంటింటి మసిముఖమూ ఆవిడదే. ఏ వెలుగూ అబద్ధం చెప్పదు. కాని ఏ వెలుగులో చూడాలో ఎంచుకునేది మనం. మనకి తీరికైన వేళ, వున్నచోటే నిలబెట్టి చూసి, ఆ మనిషి యింతేనని తేల్చేయడం సులువు. ఆవిడ వెలుగు ఎప్పుడు వస్తుందో కనిపెట్టుకుని వుండడానికి ఒక రాత్రి ఆగాలి, ఒక పొద్దున్న పక్కన కూర్చోవాలి. నిన్నటి నా ప్రశ్నకి జవాబు కూడా అక్కడే దొరికిందనుకుంటాను. గోడకోసం తీసిన నాలుగు ఫోటోలూ పాడయ్యాయి. ఆవిణ్ణి చూస్తూ తీసింది నిలిచింది.

మన భాషలో దీన్ని ఛాయాచిత్రం అన్నారు. 1839లో ఆంగ్లంలో పేరు పెట్టినవాళ్ళు గ్రీకు మాటలు తెచ్చుకుని వెలుగుతో రాయడమన్నారు. మనవాళ్ళు నీడని తలుచుకున్నారు. రెండూ కావాలి కాబోలు.

నేను ఫోను లోపల పెట్టేసి చిన్నమ్మ పక్కన కూర్చుని శనక్కాయలు వలవడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆవిడ నావైపు చూడకుండానే అంది:

"మీ అమ్మ గూడా అచ్చం ఇట్లనే ఉండె పాపా, పొద్దున పూట."

నాకు గుర్తులేదు. ఆ వేళప్పుడు అమ్మ ఎప్పుడూ వంటింట్లోనే వుండేది.