మయా

రాయపూరు పరిసరాలలో ఛత్తీస్‌గఢీ మాటలాడే తల్లికి బిడ్డ "మయారూ", అనగా ప్రేమపాత్రుడు. సంస్కృతంలోని మాయా శబ్దమే ఆదిదీర్ఘం కోల్పోయి, అక్కడి వారి నోట "మయా" అయి, ప్రేమకు పేరైనది. వంగభాషలోను, నేపాలీలోను కూడా మాయ అనేమాట వాత్సల్యాన్ని చెబుతుంది. తెలుగువానికి మాత్రం మాయ అంటే కనికట్టు. పోయిన వస్తువు మాయమవుతుంది, వంచకుడు మాయలమారి అవుతాడు. అనువాదకుడు ఆ మాటను అట్లే ఉంచితే తల్లి పలుకు తలక్రిందులవుతుంది. ప్రేమ అని మార్చితే దాని వెనుకనున్న ప్రాచీన వివాదం జారిపోతుంది.

మనిషిని మనిషికి కట్టివేసేది సత్యమా, భ్రమా అన్నదే ఆ వివాదం. వేదంలో మాయ దేవతల అద్భుతశక్తి. అద్వైతులకు అది సత్తు కాదు, అసత్తూ కాదు. ఛత్తీస్‌గఢ్ పల్లెజనం వేదాంతం ఎరుగక మాట మార్చుకొన్నారనడం తొందరపాటు. రాయపూరు బిలాస్‌పూరు మార్గంలో దామాఖేడా కబీరుపంథుల పీఠం; కబీరు మాయను మహావంచకిగా నిందించినవాడు. ఆ నింద భజనలో విన్నవారే ఇంటికి వచ్చి బిడ్డల మీద "మయా" అంటారు.

1877లో పదునాలుగేండ్ల నరేంద్రుడు తండ్రి ఉద్యోగరీత్యా రాయపూరు వచ్చి, సుమారు రెండేండ్లు అక్కడ ఉన్నాడు. వివేకానందుడై 1896లో లండనులో మాయను గూర్చి ఉపన్యసించినపుడు, ఆయన తల్లినే దృష్టాంతంగా గ్రహించాడు. ప్రాణప్రదంగా పెంచిన కొడుకు దుర్మార్గుడై తల్లిని కొట్టినా, ఆమె వానిని వదలలేదు. అది ప్రేమ అనుకొంటుంది కాని, ఆయన దృష్టిలో అది బంధం, అదే మాయ.

ఈ మాట త్రోసివేయడం సులభం కాదు. దెబ్బలు నిజం, ఆమె కన్నీళ్లూ నిజం; ప్రేమ అన్న పేరు చాటున ఎన్ని ఇండ్లలో ఎన్ని క్రౌర్యాలు సాగలేదు! అయినా ఆమె పెట్టిన అన్నంతో పెరిగిన దేహం కూడ నిజమే కదా. తెలుగులోనూ గర్భంలో శిశువును పోషించే దానికి మాయ అనే పేరు. (వ్యుత్పత్తి విచారం పండితులది.) ఉపన్యాసకుడు చూపిన స్థితిని రాయపూరు తల్లి కాదనదు. దానికి ఆయన పెట్టిన పేరును మాత్రం ఒప్పుకోదు. వదలలేకపోవడం ఆమెకు తెలియక చేసిన పొరపాటు కాదు. కొడుకు ఎట్టివాడో ఆమెకంటె ఎరిగినవారెవరు?

ఆ ప్రాంతంలో చుట్టాలు సెలవు తీసుకొనేటప్పుడు, తమ మీద "దయా మయా" ఉంచవలసిందని అడిగి మరీ వెళతారు.