సాహసం, స్నేహం, శ్రోత: దశకుమారచరిత్రలోని మంత్రగుప్తుని కథ - ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

మిత్రులు కలిసి దేశాటనకు బయలుదేరడం, దారిలో విడిపోయి ఎవరికి వారు సాహసాలు చేయడం, తిరిగి కలుసుకొని వాటిని చెప్పుకోవడం కథాసాహిత్యంలో ప్రాచీనమైన వస్తువు. తెలుగులో దీనికి తొలి నిదర్శనం 13వ శతాబ్దానికి చెందిన మూలఘటిక కేతన దశకుమారచరిత్ర. దండి సంస్కృత గద్యకావ్యాన్ని తెలుగుచేసి, తిక్కనకు అంకితమిచ్చి, అభినవదండిగా ప్రసిద్ధుడైన కేతన తెలుగులో కథాకావ్యానికి దారి వేశాడు. ఈ కథల్లోని చమత్కారం, లోకజ్ఞత, ధూర్తవర్తనం విమర్శకులకు సుపరిచితాలే. అయితే ఈ కథాసంవిధానంలోనే ఒక నైతిక ప్రశ్న ఇమిడి ఉంది. మిత్రుడు తాను చేసిన అపరాధాన్ని సాహసంగా వర్ణించి చెబుతున్నప్పుడు, వినే మిత్రుని ధర్మమేమిటి? మంత్రగుప్తుని కథ ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

సరస్సులో జరిగిన హత్య

కథాంశం దండి మూలంలో ఇలా ఉంది. కళింగరాజు కర్దనుడు సపరివారంగా సముద్రతీరంలో విహరిస్తుండగా ఆంధ్రరాజు జయసింహుడు దాడి చేసి, అతనిని, అతని కుమార్తె కనకలేఖను బంధించి తీసుకుపోతాడు. కనకలేఖను ప్రేమించిన మంత్రగుప్తుడు తాపసవేషంతో ఆంధ్రనగరం చేరి, సమీపంలోని సముద్రమంత సరస్సు ఒడ్డున మకాం వేస్తాడు. అతని మహిమలు ఊరంతా పాకుతాయి. కనకలేఖను ఒక యక్షుడు ఆవహించి ఉన్నాడని నమ్మిన రాజు ఆ తాపసుని శరణు వేడుతాడు. సరస్సులో స్నానం చేస్తే యక్షుడు చూడలేని కొత్త దేహం లభిస్తుందని మంత్రగుప్తుడు నమ్మబలుకుతాడు. రాజు ముందుగా వలవాళ్ళచేత నీటిని గాలింపజేస్తాడు. కాని గట్టు అడుగున రహస్యంగా తవ్విన బిలం ఎవరి కంటా పడదు. రాత్రివేళ నీట దిగిన రాజును మంత్రగుప్తుడు చంపి, శవాన్ని ఆ బిలంలో దాచి, తానే కొత్త దేహం పొందిన రాజుగా పైకి వస్తాడు. మరునాడు సభలో ఋషుల శక్తిని కొనియాడి, నాస్తికులు సిగ్గుతో తల వంచుకోవలసిందేనని పలికి, దేవతాపూజలకు ఆజ్ఞాపిస్తాడు. కర్దనుని విడిపించి, కనకలేఖను పెండ్లాడి, రెండు రాజ్యాలకూ ప్రభువవుతాడు.

ఈ ఆంధ్రనగరం వేంగి అని, ఆ సరస్సు కొల్లేరు అని పలువురు చరిత్రకారులు గుర్తించారు. జయసింహుని పేరును 7వ శతాబ్దపు తూర్పు చాళుక్య రాజు ప్రథమ జయసింహవల్లభునితో పోల్చినవారూ ఉన్నారు. నాటి వేంగి నేడు ఏలూరుకు చేరువలోని పెదవేగి. తమ్మిలేరు, బుడమేరు వంటి ఏరుల నీటిని చేర్చుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే కొల్లేటి విస్తృతి తెలిసినవారికి సముద్రంతో పోలిక అతిశయోక్తిగా తోచదు. ఈ గుర్తింపు సరైనదైతే, మిత్రగోష్ఠిలో వినోదంగా మారిన ఈ హత్యకు సాక్షి మన కొల్లేరే.

సాహసమన్న మాట

నేటి తెలుగులో సాహసం ప్రశంసావాచకం. ధర్మశాస్త్రంలో అది అపరాధం పేరు. బలగర్వంతో చేసే దుశ్చర్య సాహసమని, నరహత్య, చౌర్యం, పరదారాభిమర్శనం, పారుష్యం అందులోని విధాలని స్మృతికారులు నిర్వచించారు. దండనలో ప్రథమ, మధ్యమ, ఉత్తమ సాహసాలనే భేదాలు ఈ అర్థాన్ని ఆశ్రయించినవే. దశకుమారుల చేష్టలను ఈ పట్టికతో పోల్చితే ఆశ్చర్యం కలుగుతుంది. అపహారవర్మ చంపానగరంలోని లోభుల ఇళ్ళు దోచాడు. ఉపహారవర్మ పరభార్యను చేరి ఆమె భర్తను చంపాడు. మంత్రగుప్తుడు తనను నమ్మిన రాజును చంపాడు.

ఇక్కడ గమనింపదగిన విశేషం మరొకటి ఉంది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను విజ్ఞానేశ్వరీయంగా తెలుగుచేసిన కవి కేతనే. దండనీయమైన సాహసాన్ని, రమణీయమైన సాహసాన్ని ఒకే చేయి తెలుగులో రాసింది. దీనిని వైరుధ్యంగా భావించనక్కరలేదు. న్యాయసభలో వాది, ప్రతివాది, సాక్షి ఉంటారు. మిత్రసభలో చేసినవాడు, వినేవాడు మాత్రమే ఉంటారు. చేష్ట మారలేదు, సభ మారింది. హతుని పక్షాన మాట్లాడేవారు లేని సభలోనే నేరం సాహసమవుతుంది.

వినేవాని నవ్వు

ఆ సభలో ప్రధాన శ్రోత రాజవాహనుడు. దండి మూలంలో ప్రతి కథాంతంలోనూ అతను ఒక అభిప్రాయం ప్రకటిస్తాడు. అపహారవర్మ కాఠిన్యంలో చోరశాస్త్రకర్త కర్ణీసుతుని మించాడంటాడు. ఉపహారవర్మ పరదారగమనం కపటంతో కూడినదైనా తల్లిదండ్రుల చెర విడిపించి రాజ్యం సాధించింది కనుక ధర్మార్థాలకు సాధనమైందని సమర్థిస్తాడు. మంత్రగుప్తుని విషయంలో ముందుగా నవ్వి, ఈ మహాముని తపస్సు బాగానే ఫలించిందని పరిహసిస్తాడు. వెంటనే పరిహాసం అలా ఉంచి అతని ప్రజ్ఞను, ధైర్యాన్ని మెచ్చుకుంటాడు.

ఈ వ్యాఖ్యలో కీలకం పరిహాసం నుంచి ప్రశంసకు మళ్ళిన ఆ క్షణం. మహాముని అన్న ఎత్తిపొడుపులో దొంగవేషం, విశ్వాసఘాతుకం రెండూ సూచితమయ్యాయి. అంటే రాజవాహనునికి తప్పు తెలియక కాదు. తెలిసిన తప్పును నవ్వులో ఒక్కసారి ఉచ్చరించి, ఆ నవ్వుతోనే పక్కన పెట్టాడు. మిత్రుల మధ్య సత్యం తరచుగా వేళాకోళంగానే బయటపడుతుంది. అది అక్కడే ఆగిపోతే స్నేహం తప్పుకు చాటు అవుతుంది.

రాజవాహనుడు ఎందుకు ఆగిపోయాడు? దీనికి సమాధానం కథారంభంలో ఉంది. వింధ్యాటవిలో నిద్రిస్తున్న మిత్రులకు చెప్పకుండా అతను మాతంగుని వెంట పాతాళబిలంలోకి వెళ్ళాడు. అతనిని వెదకడానికే మిత్రులు చెల్లాచెదురయ్యారు. ఈ భాగమున్న పూర్వపీఠిక దండి కృతి కాదన్న అభిప్రాయం ఉన్నా, మనకు చేరిన కథాక్రమంలో మిత్రుల సాహసాలన్నింటికీ మూలం రాజవాహనుని ఈ ఎడబాటే. తీర్పరి స్థానంలో ఉన్నవాడే మొదట మిత్రులపట్ల తప్పినవాడు. కనుక అతని ఔదార్యంలో ఆత్మక్షమ కూడా ఉందని భావించవచ్చు.

ఆక్షేపణ - సమాధానం

అద్భుతప్రధానమైన కథను ధర్మశాస్త్రపు తూనికరాళ్ళతో తూచడం రసభంగమని ఆక్షేపించవచ్చు. జయసింహుడు బలాత్కారంగా కన్యను తెచ్చినవాడు కనుక వధార్హుడనీ అనవచ్చు. రెండవ వాదానికి బలముంది. చెరలో ఉన్నవారిని విడిపించడం కోసం చేసిన వధను ఆపద్ధర్మంగా అంగీకరించినా, రాజ్యాపహరణకు, కల్పిత మహిమతో ప్రజల విశ్వాసాన్ని వంచించడానికి ఆ సమర్థన వర్తించదు. మొదటి ఆక్షేపణకు కావ్యమే సమాధానం. పరిహాసాన్ని, సమర్థనను శ్రోత నోట పలికించి, విచారణకు తావిచ్చింది కావ్యమే.

భర్తృహరి సన్మిత్రలక్షణాలు చెబుతూ పాపం నుంచి మరల్చడం, రహస్యాన్ని దాచడం, గుణాలను వెల్లడించడం ఒక్కచోట చేర్చాడు. ఏనుగు లక్ష్మణకవి అనువాదం వల్ల తెలుగువారికి ఇది చిరపరిచితం. రాజవాహనుడు గుణాలను వెల్లడించాడు, రహస్యాన్ని కాచాడు. పాపం నుంచి మరల్చే అవకాశం అతనికి లేదు, పని అప్పటికే జరిగిపోయింది. అయితే జరిగినదానికి సరైన పేరు పెట్టే అవకాశం మిగిలే ఉంది. రహస్యం దాచడం వేరు, దానిని కీర్తిగా మార్చడం వేరు. మొదటిది మైత్రీధర్మం. రెండవది మిత్రుని మళ్ళీ అదే దారిలోకి నెట్టడం.

ముగింపు

మిత్రుల సాహసయాత్రలు నేటి నవలకూ వస్తువులే. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు నుంచి కొల్లేటికి విహారం వెళ్ళివచ్చే యువకుల కబుర్లలోనూ ఆ కథనధోరణి వినిపిస్తుంది. యాత్ర ముగిసేది ఇల్లు చేరినప్పుడు కాదు, దానిని మిత్రులకు చెప్పినప్పుడు. అందువల్ల అది ఏమైందో నిర్ణయించడంలో శ్రోతకూ భాగముంది. మంత్రగుప్తుని బుద్ధిని మెచ్చుకోవడంలో దోషం లేదు. ఆ మెప్పుకు ముందు, గట్టు కింది బిలంలో ఉన్న మనిషి సంగతి ఏమిటని అడగగలిగినవాడే మిత్రుడు. రాజవాహనుడు ఆ ప్రశ్న అంచుదాకా వచ్చి, నవ్వి, విశ్రుతుని వైపు తిరిగాడు. అతను అడగనిది పాఠకునికి మిగిలింది.