పరదేశ గ్రంథములను చదువుట యెందులకు?

లోకమందలి మహాగ్రంథములను పఠించుట విద్యావంతుల లక్షణమని యెల్లరు నంగీకరింతురు. అయినను వానివలన మనకు గలుగవలసినది వినోదమా, విజ్ఞానమా, లేక బాధ్యతయా యను ప్రశ్న విచారింపదగియున్నది. ఒక్క దృష్టాంతమును గైకొందము.

నార్వేదేశీయుడగు హెన్రిక్ ఇబ్సెన్ రచించిన 'బొమ్మరిల్లు' అను నాటకము 1879వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీని కోపెన్‌హేగన్ నగరమున ప్రథమముగా ప్రదర్శింపబడెను. అందలి నాయిక నోరా. వ్యాధిగ్రస్తుడైన భర్త ప్రాణము నిలుపుటకై యామెకు ధనము కావలసివచ్చెను. భర్త యనుమతి లేక భార్య ఋణము పొందగూడదు. కావున నామె రహస్యముగ నప్పుచేసి, పత్రముపై తండ్రి సంతకమును తానే వ్రాసెను. ఆ సంతకమునకు వేసిన తేదీ తండ్రి మరణించిన మూడుదినములకు పిమ్మటిది! చట్టముదృష్టిలో నది కూటలేఖ్యము. గుట్టు బయటపడినపుడు భర్త తన పరువునే తలపోసెనుగాని యామె త్యాగమును తలపోయడయ్యెను. నోరా భర్తను, మువ్వురు బిడ్డలను విడిచి గృహమునుండి వెడలిపోయెను.

ఈ ముగింపు జర్మనీలో నొక ప్రసిద్ధ నటికి సరిపడలేదు. ఆమె నిరాకరింపగా, ఇతరులు తన కృతిని పాడుచేయుదురను శంకచే ఇబ్సెన్ తానే 1880లో వేరొక ముగింపు వ్రాసి యిచ్చెను. అందు నోరా బిడ్డలను జూచి నిలిచిపోవును. అది తన నాటకమునకు జరిగిన యపచారమనియే యాయన యెంచెను. గ్రంథమును మన సౌఖ్యమునకు దగినట్లు దిద్దుకొనుట యొక విధమైన పఠనము.

వేరొక విధము గలదు. 1923వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీని చీనారచయిత లూసున్ బీజింగు నగరమందలి స్త్రీల యుపాధ్యాయ కళాశాలలో నుపన్యసించుచు, గృహము వీడిన పిమ్మట నోరా గతి యేమని ప్రశ్నించెను. చేత ధనము లేనిచో నామె మరలి రావలెను, లేదా పతితురాలు కావలెను. కావున స్త్రీకి ఆర్థికస్వత్వము ముఖ్యమని యాయన వాదించెను. పరదేశ కథను బొగడి యూరకుండక, దానిని తన దేశపు బాలికలయెదుట ప్రశ్నగా నిలిపెను.

పరదేశ గ్రంథములు మన యాచారములను చెరచునని కొందరు శంకింతురు. లూసున్ ఐరోపా యాచారమును అనుకరింపుడని చెప్పలేదు; గ్రంథము లేవనెత్తిన చిక్కును తన యింట వెదకెను. పరుల వ్యాజ్యమున న్యాయాధిపతిగ గూర్చుండుట సులభము. తన వ్యాజ్యమున సాక్షిగ నిలుచుటయే కష్టము.

ఇక మన సంగతి యేమి? అవిభక్తకుటుంబపు టాస్తియందు కుమార్తెకు కుమారునితో సమభాగము 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి వర్తించునట్లు ఆంధ్రప్రదేశమున శాసనము చేయబడెను. 2005లో నది దేశమంతటికి వర్తించెను. అయినను సోదరుల ప్రేమ చెడునను భయముచే విడుదలపత్రములపై సంతకము చేయు నాడుబిడ్డలను న్యాయవాదులెల్ల నెరుగుదురు. ఆ సంతకములు కూటలేఖ్యములు గావు. చట్టము వానిని తప్పుపట్టదు. కాని భయము వ్రాయించిన సంతకమును స్వేచ్ఛాదానమని ధర్మ మెట్లంగీకరించును?

చదువరులారా! నోరాకై కన్నీరు విడుచుటకు ముందు, మన తోబుట్టువులకు చెందవలసిన భాగము వారికి చెందినదో లేదో విచారింతము. చెందనిచో పుస్తకమును మూసి ముందుగ నాపని నెరవేర్తుము.