సంఘనాయకుని మౌనము

చెప్పవలసిన సంగతిని చెప్పకుండుట యసత్యమగునా? నాయకు డబద్ధ మాడలేదు, లెక్కలలో పైసయైన దాచలేదు, అడిగినవారికి కాదనలేదు. అయినను సభ్యులకు తెలియవలసినది తెలియవలసిన కాలమున తెలియలేదు. ఇట్టి మౌనము దోషమా, కాదా? ఇదియే మే మిచ్చట విచారింపదలచిన ప్రశ్న. చూచుటకు ఇది చిన్నదిగా దోచును. కాని మనదేశమున సంఘములు చెడుట అనేక పర్యాయములు దొంగతనముచేత గాక యీ మౌనముచేతనే యారంభమగుచున్న దని మా యభిప్రాయము.

దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. కరీంనగరు జిల్లాలోని చొప్పదండి ప్రాంతము వరి పండు నేల. అచ్చటి రైతునకు ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘము అప్పునకును, ఎరువునకును, ధాన్యపు అమ్మకమునకును ఆధారము. జనులు దానిని వాడుకలో సొసైటీ యనియు, సింగిల్ విండో యనియు పిలుతురు. యాసంగి పంట కోసి, వడ్లు కొనుగోలు కేంద్రమునకు దెచ్చి కుప్పపోసిన యొక రైతును మనస్సున భావింపుడు. తేమ నూటికి 17 పాళ్లకు మించరాదని నియమము. అతడు నాలుగు దినములు వడ్లారబోసి, మబ్బువంక జూచుచు, టోకెనుకొరకు వేచి, తుదకు కాంటా పెట్టించెను. లారీ మిల్లునకు పోయెను. అచ్చట తాలు మిక్కుటముగా నున్నదని బస్తాకు కొంత తరుగు తీసిరి. తరుగు తీయబోవుచున్నారను సంగతి సంఘాధ్యక్షునకు లారీ కదలకమునుపే తెలియును. రైతునకో, సొమ్ము బ్యాంకులో పడి లెక్క తక్కువైన పిమ్మట గాని తెలియలేదు. "ముందే చెప్పియుండిన మరియొకమారు తూర్పార పట్టుకొని యుందును గదా" యని యతడు వగచును. "నేనేమైన తింటినా?" యని యధ్యక్షుడు కోపించును. ఇరువురి మాటయు సత్యమే. అధ్యక్షు డేమియు తినలేదు. కాని రైతు చేతిలో నుండవలసిన యొక యవకాశమును తన మౌనముచేత హరించినాడు.

ఇట్టి సమయములందు నాయకులు చెప్పెడి సమాధానము మనకు పరిచితమే. "మా పుస్తకములు తెరచియే యున్నవి, అడిగినవారికి చూపుదుము" అందురు. ఇది వినుటకు న్యాయముగా నున్నది. ఇతరుల సొమ్మును దాచినవాడు అడిగినప్పుడు మరల నిచ్చిన చాలును గదా యని కొందరు వాదింపవచ్చును. నిజమే, కాని సొమ్ము దాచుకొన్నవానికి తన సొమ్మున్నదనియు, ఇంత యున్నదనియు తెలియును. వార్త విషయమున నట్లు కాదు. తనకు రావలసిన వార్త యొకటి యున్నదనియే యెరుగనివాడు దాని నెట్లడుగును? కావున తెలియజేయు భారము తెలిసినవానిపైనే యుండవలెను గాని తెలియనివానిపై నుండరాదు.

అడుగుటకు ధైర్యమును కావలెను. తెలంగాణములో జాగీర్దారీ పద్ధతి 1949లో రద్దయినది. గడీ ముంగిట చేతులు కట్టుకొని "నీ బాంచెను" అని నిలిచిన తాతల మనుమలే నేడు సంఘములలో సభ్యులు. చట్టము మారినంతలో వంగిన నడుము నిటారు కాదు. తన వాటాధనముతో నిలిచిన సంఘమున, తన యోటుతో గెలిచిన యధ్యక్షుని బల్లముందు, సభ్యుడు అర్జీదారుని వలె నిలుచుండిన యెడల, అచ్చట గడీకి క్రొత్త సున్నము కొట్టిరే గాని దానిని కూల్చలేదని చెప్పవలసియుండును.

మే మొక సంఘముయొక్క మహాజనసభకు పోయియుంటిమి. దాని పేరుతో మనకు బనిలేదు. కార్యదర్శి నివేదికను రైలుబండి వేగమున చదివెను. "అందరికి సమ్మతమే గదా?" యని యధ్యక్షు డడిగెను. ముందువరుసలోని నలుగురు చప్పట్లు కొట్టిరి. వెనుక నున్నవారు సంతకములు చేసి, చాయ త్రాగి, ఇండ్లకు పోయిరి. 1964 నాటి సహకార సంఘముల చట్టము పరమాధికారమును సర్వసభ్యుల సభయందే యుంచినది. ఆ పరమాధికారము మా కన్నులయెదుట అరగంటలో ముగిసెను. అచ్చట నసత్య మేదియు పలుకబడలేదు. సత్యమును ఎవ్వరికిని అందలేదు.

సత్యము అందకుండుటకు భాషయును కారణమగును. 1921వ సంవత్సరము నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడ నారంభింపగా సభాసదులు గేలిచేసిరి. ఆ యవమానమే యాంధ్ర జనసంఘ స్థాపనకు హేతువయ్యెను. దానినుండి పెరిగిన యాంధ్ర మహాసభ 1930లో జోగిపేటను మొదటిసారియు, 1935లో మన జిల్లాకే చెందియుండిన సిరిసిల్లను మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను నాల్గవసారియు సమావేశమయ్యెను. గేలిచేసినవారు దుర్జనులు కారు. సంస్కారమును గోరి కూడినవారే. మంచి యుద్దేశము గలవారి సభలో సైతము ఒకని నోరు మూయబడవచ్చునని యీ చరిత్ర మనకు బోధించుచున్నది. నేడు గేలి లేదు; కాని ఆడిటు నివేదికలోని పదములు రైతునకు దుర్బోధములై యున్నంతకాలము ఫలిత మొక్కటే.

మన సమాజ చరిత్రము నందును ఇట్టి పాఠము కలదు. కేశవచంద్రసేనుల వాగ్ధాటిని, భక్తిని శంకించువా రెవ్వరును లేరు. బ్రాహ్మ వివాహములకొరకు 1872లో వెలువడిన శాసనమున వధువునకు 14, వరునకు 18 సంవత్సరములు కనీస వయస్సుగా నేర్పడినవి. ఆ శాసనమునకై పాటుపడిన వారాయనయే. అట్లుండ 1878లో తన కుమార్తెను, ఆ వయస్సు నిండకమునుపే, కూచ్‌బిహారు మహారాజున కిచ్చి వివాహము చేసిరి. సభ్యుల నిరసనము ఆయన నిశ్చయమును కదల్పజాలకపోయెను. ఆ సంవత్సరము మే 15వ తేదీన కలకత్తాలో సాధారణ బ్రాహ్మసమాజము వేరుగా వెలసి, సభ్యు లెన్నుకొనిన సంఘముచేత పాలింపబడు నిబంధన లేర్పరచుకొనెను. నాయకుని పెద్దతనము సభ్యునికి సమాధానము చెప్పు బాధ్యతను తగ్గింపదు. పెద్దతనముతోపాటు ఆ బాధ్యతయు పెరుగునని యానాటివారు గ్రహించిరి.

ఇచ్చట నొక యాక్షేపము కలదు. సమస్తమును బయటపెట్టిన పని సాగునా? ధర మాటాడునప్పుడు గుట్టు అవసరము. ఒక సభ్యుని యప్పు మరియొకనికి చెప్పుట తగదు. తొందర సమయమున నూరుగురి నడుగుటకు వీలుండదు. ఈ యాక్షేపములో సత్యము లేకపోలేదు. కాని "ఈ సంగతిని ఈ కారణముచేత ఇంతకాలము చెప్పజాలను" అని చెప్పుట సాధ్యమే గదా! కారణమును గడువును తెలిపిన మౌనమును సభ్యులు సహింతురు. ఏమియు తెలుపని మౌనము ననుమానింతురు. ఆ యనుమానము చాయహోటలులో పుకారుగా మారి నాయకుని మంచిపనిని సైతము మ్రింగివేయును.

సభ్యులును నిర్దోషులు కారు. సభలో నోరు విప్పక వీధిలో నిందించుటయు మౌనమే. అర్థము కాని నివేదికకు చప్పట్లు కొట్టినవాడు తన సంతకముతో నాయకుని నిద్రపుచ్చుచున్నాడు. ప్రశ్నించుట వైరము కాదనియు, ప్రశ్నింపబడుట యవమానము కాదనియు ఉభయులును నేర్చుకొనవలసియున్నది.

ఇది యసాధ్య మని నిరాశ చెందవలదు. ఆనాటి కరీంనగరు జిల్లాలోనే ములుకనూరున అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు 1956లో స్థాపించిన సహకార గ్రామీణ బ్యాంకు దేశమున పేరుగాంచినది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము ననుసరించి యేర్పడిన అచ్చటి స్త్రీల పాడి సంఘము 2002లో పాలకేంద్రమును నెలకొల్పినది. పాలు పోసినప్పుడు వెన్నపాలు కొలిచి వ్రాసి యిచ్చెడి చిన్న చీటి యెంత విలువగలదో పాడి సంఘముల స్త్రీ లెరుగుదురు. ఆ చీటి, అడుగకమునుపే, ఆనాడే, ఆమెకు తెలిసిన యంకెలలో, ఆమె సొంత లెక్కను చెప్పును. సభ్యుల పొదుపుమీద నిలిచిన సంఘమున నాయకుని చూపు సభ్యునివైపు తిరుగును. పైనుండి వచ్చు సొమ్ముమీద నిలిచినచోట అది పైవైపే యుండును.

కావున సంఘములు నడుపు సోదరులకు మా మనవి యిది. నిర్ణయమును గాక, నిర్ణయింపవలసిన ప్రశ్నను ముందుగా ఊరూరికి తెలుపుడు. నివేదికను మహాజనసభకు పదునైదు దినములు ముందుగా వాడుక తెలుగున చదివి వినిపింపుడు. ఒక సభలో నడిగిన ప్రశ్నకు మరుసటి సభలో మొట్టమొదట ప్రత్యుత్తర మిండు. శుభవార్తకన్న ముందు నష్టవార్తను మీనోటనే చెప్పుడు. ఏలయన అది యితరుల నోట విన్ననాడు మీ శుభవార్తను నమ్మువా డుండడు.

మొదటి ప్రశ్నకు మరల వత్తము. చెప్పకుండుట యసత్యమగునా? చెప్పిన మాట మరియొకని కర్తవ్యమును మార్పగలిగియుండగా చెప్పకుండుట అసత్యముతో సమానమని మేము తలంచుచున్నాము. ఆ రైతునకు కావలసినది అధ్యక్షుని దయ కాదు. లారీ కదలకమునుపు ఒక్క మాట. చేట చేతబట్టుటకు ఒక్క పూట. అంతమాత్రము లభించెనా, అతడు అర్జీదారుడు గాక సభ్యు డగును.